మోడెమ్ కలవకపోతే ముందు లైను వినండి: ల్యాండ్‌లైన్ ఫాల్టు పట్టుకునే సమగ్ర మార్గదర్శి

ల్యాండ్‌లైన్ మీద డయలప్ మోడెమ్ (సమాచారాన్ని శబ్దంగా మార్చి ఫోన్ తీగ మీద పంపే పరికరం) వాడేవాళ్లు ఇప్పుడు తక్కువే. అయినా ఫోన్ తీగ తగిలించే పాత స్వైప్ మెషిన్లు, ఫ్యాక్స్ మెషిన్లు, కోల్డ్ స్టోరేజీల్లో కరెంటు పోతే తనంతట తానే ఫోన్ చేసే అలారం ప్యానెళ్లు, పాత కంప్యూటర్లు ఇంకా అక్కడక్కడా నడుస్తున్నాయి. వీటన్నిటి లోపలా ఉండేది మోడెమే కాబట్టి పాడైతే వెతికే దారి కూడా ఒకటే.

అందరూ చెప్పే ఫిర్యాదు ఇది: "ఫోను బాగానే మాట్లాడుతోంది, మోడెమ్ మాత్రం కలవడం లేదు." ఇది అబద్ధం కాదు. మాటల మధ్య చిన్న చిటుకు వినపడినా మన చెవి దాన్ని పట్టించుకోదు. మోడెమ్‌కు ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 33,600 బిట్ల వేగంతో పోతున్నప్పుడు సెకనులో యాభయ్యో వంతు సేపు చిటుకుమన్నా 670 బిట్లకు పైగా చెడిపోతాయి. అవి మళ్లీ పంపాలి. అదే పనిగా చిటపటలాడితే మోడెమ్ వేగం తగ్గించుకుంటుంది, చివరికి లైను వదిలేస్తుంది. అందుకే సెట్టింగులు మార్చడం, కొత్త మోడెమ్ కొనడం తర్వాత సంగతి. ముందు లైను చూడాలి.

మోడెమ్ ఏమంటోందో చదవండి

తెరమీద వచ్చే సందేశం సగం పని తేలిక చేస్తుంది.

"నో డయల్‌టోన్", విండోస్‌లో అయితే ఎర్రర్ 680: మోడెమ్‌కు డయల్‌టోన్ వినపడలేదు. తీగ ఊడి ఉండొచ్చు, తీగను మోడెమ్‌లో "ఫోన్" అని రాసిన రంధ్రంలో పెట్టి ఉండొచ్చు (పెట్టాల్సింది "లైన్" అని ఉన్నదాంట్లో), లేదా టోన్ వస్తున్నా మోడెమ్ గుర్తుపట్టక పోయి ఉండొచ్చు. ఈ మూడోది మన దేశంలో మామూలే. మన డయల్‌టోన్ 400 హెర్ట్జ్ మీద నడుస్తుంది. అమెరికా కోసం తయారైన మోడెమ్‌లు 350, 440 హెర్ట్జ్ జంట టోన్ కోసం ఎదురుచూస్తాయి.

"బిజీ", ఎర్రర్ 676: టోన్ ఎలా మోగుతోందో వినండి. ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగితే అవతలి నంబరు బిజీ. పావు సెకనుకోసారి గబగబా కొట్టుకుంటే దారిలో రద్దీ ఉన్నట్టు. దానికి మీ వైపు చేయగలిగింది లేదు, కాసేపాగి మళ్లీ చేయడమే.

"నో క్యారియర్", లేదా ఎర్రర్ 678: డయల్ అయింది, అవతల ఎత్తలేదు, లేదా ఎత్తినా రెండు మోడెమ్‌లకు పొత్తు కుదరలేదు. గరగర లైన్ల మీద ఎక్కువగా కనపడేది ఇదే.

ఎర్రర్ 691 వస్తే లైనుకు ఏ సంబంధమూ లేదు, యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు. ఎర్రర్ 633 అంటే ఆ పోర్టును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్ వెనకాల తెరిచి ఉందేమో చూడండి.

వినే పరీక్ష

పరికరాలేవీ అక్కర్లేదు, తీగ ఉన్న మామూలు ఫోను ఒకటి చాలు. కార్డ్‌లెస్ ఫోను పనికిరాదు, దాని సొంత శబ్దం కలుస్తుంది.

1. ఇంట్లో లైనుకు తగిలించినవన్నీ ఊడదీయండి: మోడెమ్, ఫ్యాక్స్, కాలర్ ఐడీ పెట్టె, పై అంతస్తులోని రెండో ఫోను, స్పైక్ గార్డు.
2. లైను ఇంట్లోకి వచ్చే చోట ఉన్న రోజెట్ పెట్టెకు ఆ ఒక్క ఫోను తగిలించండి.
3. రిసీవర్ ఎత్తి 2 అంకె నొక్కండి. డయల్‌టోన్ ఆగిపోతుంది.
4. మౌత్‌పీస్‌ను అరచేత్తో మూసి పది సెకన్లు వినండి. ఫ్యాన్ ఆపితే ఇంకా మంచిది.
5. వింటూనే ఇంటిలోపలి తీగను, రోజెట్‌ను మెల్లగా కదపండి.

మంచి లైను నిశ్శబ్దంగా ఉంటుంది, సన్నగా సుయ్‌మంటే తప్పులేదు. ఒకే స్థాయిలో గుయ్యిమనే హమ్ వస్తే రెండు తీగల్లో ఒకటి ఎక్కడో ఎర్త్ అయింది, లేదా కరెంటు తీగ పక్కనే ఫోన్ తీగ చాలా దూరం నడుస్తోంది. ఉండుండి చిటపట, గరగర వస్తే జాయింట్ వదులైంది, లేదా చిలుము పట్టింది. ఇతరుల మాటలు వినపడుతుంటే కేబుల్లోకి నీళ్లు దిగి మీ తీగల జత పక్కవాళ్ల జతతో, అంటే పక్క పెయిర్‌తో కలుస్తోంది. శబ్దమేమీ లేకుండా గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటే దారిలో ఎక్కడో రెసిస్టెన్స్ పెరిగింది.

ఒక లక్షణం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. పొద్దున్నించీ గరగరలాడిన లైను, బయటినుంచి ఒక కాల్ వచ్చి మోగాక శుభ్రంగా అయిపోతుంది. గంటా రెండు గంటల తర్వాత మళ్లీ మొదలు. జాయింట్‌లో రాగి మీద సన్నని చిలుము పొర ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. రింగుకు వచ్చే 75 వోల్టులు ఆ పొరను తాత్కాలికంగా చీల్చి దారి చేస్తాయి, అది మళ్లీ మూసుకుంటుంది. లైన్‌మన్ టెస్టింగు కోసం ఫోన్ చేసేసరికి లైను బాగైపోయి "ఫాల్టు లేదు" అని రాసుకుని పోయేది ఇలాంటి లైన్ల దగ్గరే. ఈ లక్షణం కనపడితే ఆ మాటే లైన్‌మన్‌కు చెప్పండి. తిరిగిన లైన్‌మన్ అయితే జాయింట్ కోసం వెతుకుతాడు.

తప్పు ఇంట్లోనా, బయటా

రోజెట్ దగ్గర ఒక్క ఫోనుతో విన్నప్పుడు లైను శుభ్రంగా ఉంటే తప్పు ఇంట్లోనే. ఊడదీసినవి ఒక్కొక్కటే తగిలిస్తూ ప్రతిసారీ పది సెకన్లు వినండి. ఏది తగిలించాక శబ్దం మొదలైందో అదే దొంగ. ఎక్కువసార్లు దొరికేవి రెండు. ఒకటి, ఫోన్ రంధ్రాలున్న స్పైక్ గార్డు: పిడుగుల దెబ్బలు కొన్ని తిన్నాక దాని లోపలి రక్షణ భాగం నిదానంగా లీకవడం మొదలుపెడుతుంది. రెండోది, ఎవరూ వాడని మూలగదిలో గోడకున్న పాత పాయింట్.

రోజెట్ దగ్గరే శబ్దం ఉంటే, రోజెట్ మూత తీసి బయటి నుంచి వచ్చే రెండు తీగలను స్క్రూల నుంచి విప్పి, ఫోన్ తీగను నేరుగా వాటికే ముడేసి వినండి. శబ్దం పోతే రోజెట్ మార్చాలి. పోకపోతే ఫాల్టు బయట ఉంది, స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరులో గానీ, కేబుల్ నుంచి ఇళ్లకు తీగలు విడిపోయే స్తంభం మీది డీపీ పెట్టెలో గానీ కేబుల్లో గానీ. ఇంటిలోపల ఇంకేం విప్పినా ప్రయోజనం లేదు.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలుగా ఉండే 48 వోల్టులు పొడి చేతికి తెలియకపోవచ్చు గానీ, అప్పుడే కాల్ వస్తే రింగు వోల్టేజి గట్టిగా కొడుతుంది. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి చేయకండి. ఉరుములు వినపడుతుంటే తీగ ముట్టుకోనే వద్దు.

చిలుము, మెలిక, టేపు

స్క్రూ కింద తీగ పచ్చగానో నల్లగానో కనపడితే స్క్రూ బిగించి వదిలేయకండి. ఆ చివర రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించి పారేయండి. కొత్తగా సెంటీమీటరున్నర తొక్క తీసి, రాగి ఎర్రగా మెరిసేదాకా చాకు వెన్నుతో గీకి, స్క్రూ తిరిగే దిశలోనే చుట్టి బిగించండి. తొక్క తీసేటప్పుడు తీగమీద గాటు పడితే అది కొన్ని నెలల్లో అక్కడే తెగుతుంది. గాటు పడితే మళ్లీ కత్తిరించి మొదలుపెట్టండి.

రెండు ముక్కలు కలపాల్సి వస్తే మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టడం మనవాళ్ల అలవాటు. ఇంటి లోపల కొన్నాళ్లు గడుస్తుంది, ఆరుబయట మాత్రం వద్దు. టేపు నీటిని ఆపదు, లోపలికి చేరిన తేమను బయటికి పోనివ్వదు. జెల్లీ నింపిన యూవై కనెక్టర్లు దొరుకుతాయి. తొక్క తీయకుండానే రెండు తీగలనూ అడుగుదాకా దూర్చి పక్కడుతో మూత నొక్కేస్తే చాలు. లోపలి జెల్లీ తేమను దరిచేరనివ్వదు. ఒక్కో తీగకు ఒకటి చొప్పున జతకు రెండు కావాలి.

బయటి నుంచి తీగ గోడ రంధ్రంలోకి వచ్చేచోట, రంధ్రం కన్నా జానెడు కిందికి వేలాడేలా వంపు పెట్టండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ఆ వంపు లేకపోతే నీళ్లు తీగ వెంబడి పాకి రోజెట్‌లోకే దిగుతాయి.

ఇంటిలోపల పొడవాటి బల్లపరుపు ఎక్స్‌టెన్షన్ తీగ వాడకండి. దాంట్లో తీగలు ఒకదానికొకటి మెలిబడి ఉండవు, చుట్టుపక్కల హమ్ అంతా లాక్కుంటుంది. మూడు మీటర్లు దాటితే మెలిబెట్టిన జత ఉన్న తీగే వేయండి. కరెంటు పైపుకు కనీసం అడుగు దూరంలో లాగండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించకండి.

మల్టీమీటర్‌తో

మీటరును డీసీ 200 వోల్టుల మీద పెట్టి, రోజెట్‌లో అన్నీ ఊడదీసి రెండు తీగల మధ్య చూడండి. 44 నుంచి 54 వోల్టుల మధ్య రావాలి. 35కో 30కో పడిపోతే బయట లీకేజీ గట్టిగా ఉంది. అయితే 48 చూపించినంత మాత్రాన లీకేజీ లేదనుకోవద్దు, చిన్న లీకేజీలు ఈ పరీక్షకు దొరకవు.

తర్వాత ఫోను తగిలించి ఎత్తండి. వోల్టేజి 5 నుంచి 12 మధ్యకు దిగాలి. ఇప్పుడు మీటరును 200 మిల్లీయాంపుల డీసీ స్కేలుకు మార్చి, ఒక తీగను విప్పి, మీటరును ఆ తీగకూ ఫోనుకూ మధ్య పెట్టి చూడండి. 20 మిల్లీయాంపుల కన్నా తక్కువ వస్తే మోడెమ్ లైను పట్టుకోలేక ఊరికే వదిలేస్తుంటుంది. ఎక్స్ఛేంజి దూరమైన ఊళ్లలో ఇది లెక్క వేసుకోవచ్చు. 0.5 మిల్లీమీటర్ల రాగి జత కిలోమీటరుకు సుమారు 170 ఓములు, 0.4 మిల్లీమీటర్లదైతే సుమారు 270. ఐదు కిలోమీటర్ల దూరాన సన్నతీగ మీద ఉన్న ఇంటికి తీగ రెసిస్టెన్సే 1,350 ఓములు అవుతుంది. దానికి ఒక చెడ్డ జాయింట్ తోడైతే చాలు, 20 కిందికి పోతుంది.

ఓములు చూడాలంటే బయటి తీగలు విప్పి, ఇంటిలోపలి తీగ మీద మాత్రమే చూడండి. లైను తగిలి ఉండగా ఓముల స్కేలు పెడితే చదివింది తప్పవుతుంది, మీటరు కూడా పోవచ్చు. ఇంటి తీగకు ఏమీ తగిలించకుండా రెండు కొసల మధ్య అత్యధిక స్కేలులో కూడా ఏమీ చూపించకూడదు. కొన్ని వందల కిలో ఓములు చూపిస్తే గోడలో ఎక్కడో తేమ చేరింది.

ఏ వేళకు పాడవుతోంది

ఒక కాగితం మీద వారం రోజులు, లైను తెగిన సమయం మాత్రం రాసిపెట్టండి. దీనికి మించిన పరీక్ష లేదు.

తెల్లవారుజామున పాడై, ఎండెక్కి పది గంటలకల్లా బాగవుతుంటే మంచు తేమ జాయింట్‌లోకి చేరుతోంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో మైపాడు, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు సముద్రపు ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. ఉప్పు తడిని పీల్చుకుంటుంది కాబట్టి వాన లేకపోయినా జాయింట్ చెమ్మగానే ఉంటుంది. ఇలాంటి చోట్ల ఆర్‌జే11 (ఫోన్ తీగ చివరి చిన్న) ప్లగ్గుల పిన్నులు కూడా మసకబారతాయి. ప్లగ్గును నాలుగైదుసార్లు తీసి పెడితే బాగయిందంటే కారణం అదే, ఆ తీగ మార్చేయండి.

దీనికి విరుద్ధంగా మిట్టమధ్యాహ్నం పాడై రాత్రికి బాగవుతుంటే వదులు జాయింట్ వేడికి వ్యాకోచించి జరుగుతోంది. పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు రోహిణి కార్తె ఎండలకు స్తంభం మీది డీపీ పెట్టెలో ఇది జరగడానికి అవకాశం ఎక్కువ.

ఒకే సమయానికి క్రమం తప్పకుండా తెగుతుంటే చుట్టూ ఏ మోటార్లు ఆడుతున్నాయో చూడండి. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వదిలే వేళకు బోరు మోటార్ల స్టార్టర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటాయి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. వాటి కరెంటు తీగ వెంబడే ఫోన్ తీగ పోతుంటే ప్రతి స్టార్టూ లైనులో చిటుకుమంటుంది. రెండు తీగలూ సరిసమానంగా ఉన్న లైను ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. ఒక తీగకు లీకేజీ ఉంటేనే తట్టుకోలేదు. కాబట్టి మోటారును తిట్టుకోవడం కన్నా లీకేజీని పట్టుకోవడం మేలు.

కలిసిన ఇరవై నిమిషాలకో అరగంటకో కచ్చితంగా తెగుతుంటే అది లైను కాదు, ఊరికే ఉంటే కట్ చేసే టైమర్. విండోస్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో మార్చుకోవచ్చు. మరో కాల్ రాగానే తెగుతుంటే కాల్ వెయిటింగ్ బీప్ కారణం, ఆ సదుపాయం తీసేయించండి.

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కాబట్టి జాయింట్ల పని సెప్టెంబరులోపే చేయించుకోవాలి. వాన మొదలయ్యాక వేసిన జాయింట్ తడినే లోపల పెట్టుకుని మూసుకుంటుంది. ఉరుములప్పుడు స్విచ్ ఆపడం సరిపోదు. మోడెమ్‌కు పిడుగు రెండు దారుల్లో వస్తుంది, ఫోన్ తీగనూ కరెంటు ప్లగ్గునూ రెండింటినీ ఊడదీయండి.

మోడెమ్‌తో మాట్లాడే ఆజ్ఞలు

లైను శుభ్రంగా ఉందని తేలాకే ఇక్కడికి రండి. మోడెమ్‌కు ఆజ్ఞలు కొట్టే ప్రోగ్రాం ఒకటి తెరవండి: హైపర్ టెర్మినల్, పుటీ, లైనక్స్‌లో మినికామ్, ఏదైనా సరే. ఇక్కడ రాసినవి కీబోర్డులో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, ఖాళీ లేకుండా కొట్టాలి.

ముందు "ఏటీ" కొట్టి ఎంటర్ నొక్కండి. "ఓకే" రావాలి. రాకపోతే పోర్టు నంబరు, కేబులు, అడాప్టర్ చూడండి. కొన్ని మోడెమ్‌లకు ఏసీ అడాప్టర్, కొన్నింటికి డీసీ, ప్లగ్గు మాత్రం ఒకేలా ఉంటుంది. అడుగున రాసింది చదివి పెట్టండి. "ఏటీ&ఎఫ్" అన్నిటినీ ఫ్యాక్టరీ స్థితికి తెస్తుంది, ఎవరో మార్చిన పాత సెట్టింగులు దీంతో పోతాయి.

"ఏటీఎక్స్3": డయల్‌టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది, బిజీ టోన్‌ను మాత్రం గుర్తిస్తుంది. ఫోనులో టోన్ వినపడుతున్నా 680 వస్తుంటే మందు ఇదే. ఆఫీసులో ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే సొంత చిన్న ఎక్స్ఛేంజి) ఉంటే నంబరుకు ముందు 0 గానీ 9 గానీ, దాని తర్వాత ఒక కామా పెట్టండి. కామా అంటే రెండు సెకన్ల విరామం. స్వైప్ మెషిన్లలోనూ ఇదే పద్ధతి.

"ఏటీఎస్7=90": అవతలి మోడెమ్ కోసం 90 సెకన్లు వేచి ఉంటుంది. "ఏటీఎస్10=50": క్యారియర్ (అవతలి మోడెమ్ సంకేతం) పోయినా ఐదు సెకన్లు ఓపిక పడుతుంది. మామూలుగా అది 1.4 సెకన్లే. ఉండుండి చిటుకుమనే లైను మీద ఈ ఒక్క మార్పుతో తెగడం బాగా తగ్గుతుంది.

వేగం విషయంలో ఆశ పెట్టుకోకండి. 56 కేబీపీఎస్ వీ.90 పద్ధతి, అవతల డిజిటల్ లైను మీద సర్వీసు ఉంటేనే, అదీ దిగే వైపు మాత్రమే. రెండు మామూలు మోడెమ్‌ల మధ్య 33,600 దాటదు. లైను నిశ్శబ్దంగా ఉన్నా ఎప్పుడూ 26,400 దగ్గరే కలుస్తుంటే, దారిలో సిగ్నల్ రెండోసారి డిజిటల్‌గా మారుతోంది. అది ఈపీఏబీఎక్స్ కావచ్చు. దాన్ని తప్పించి నేరు లైను మీద పెట్టి చూడండి.

గరగర పూర్తిగా పోని లైను మీద వేగం మనమే తగ్గించడం తెలివైన పని. కొనెక్సాంట్ చిప్ ఉన్నవాటికి "ఏటీ+ఎంఎస్=వీ34" కొడితే 33,600 లోపు, "ఏటీ+ఎంఎస్=వీ32బీ" కొడితే 14,400 లోపు ఉంటుంది. 44,000 మీద కలిసి ప్రతి నిమిషం తడబడే లైను కన్నా 28,800 మీద నిలకడగా ఉండే లైనే ఫైలును త్వరగా దించుతుంది. తడబడిన ప్రతిసారీ మోడెమ్‌లు కొన్ని సెకన్లు డేటా ఆపి ఒకదానికొకటి మళ్లీ సర్దుకుంటాయి మరి. ఎర్రర్ కరెక్షన్ (చెడిపోయిన డేటాను మళ్లీ తెప్పించే ఏర్పాటు) మాత్రం ఎవరు చెప్పినా తీసేయకండి.

అదే లైను మీద ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే, డయలప్ మోడెమ్ లేదా ఫ్యాక్స్‌ను స్ప్లిటర్‌లో (ఫోన్ శబ్దాన్నీ బ్రాడ్‌బ్యాండ్‌నూ వేరుచేసే చిన్న పెట్టె) ఫోన్ వైపు పెట్టాలి. స్ప్లిటర్ లేకుండా పెడితే రెండూ కొట్లాడుకుంటాయి.

లైన్‌మన్‌కు ఏం చెప్పాలి

"నెట్ రావట్లేదు" అని ఫిర్యాదు ఇస్తే ఫోన్ చేసి హలో అని సరిపెడతారు. ఫిర్యాదును లైనులో నాయిస్ అనే నమోదు చేయించి డాకెట్ (ఫిర్యాదు) నంబరు రాసుకోండి. మనిషి వచ్చినప్పుడు ఇలా చెప్పండి: "అన్నా, రోజెట్ దగ్గర అన్నీ తీసేసి ఒక్క ఫోనే పెట్టి చూశాం, గరగర ఉంది. పెట్టి ఉంటే 48 వస్తోంది, ఎత్తితే 7. పొద్దున పూటే ఎక్కువ, రింగు వచ్చాక కాసేపు బాగుంటోంది." మీటరు లెక్కలు వినగానే అతను ఇంట్లో వెతకడం మాని నేరుగా డీపీ దగ్గరికి పోతాడు. డీపీలో కూడా శబ్దం ఉంటే ఖాళీ పెయిర్‌కు మార్చమని అడగండి. నీళ్లు దిగిన కేబుల్‌ను తవ్వి బాగుచేయడం కన్నా అది చిన్న పని. మార్చాక అతను ఉండగానే 2 నొక్కి పది సెకన్లు వినండి, ఆ తర్వాత మోడెమ్ కలిపి చూడండి.

రాగి తీగ పోయి ఫైబర్ వచ్చినచోట

ఫైబర్ పెట్టె వెనకాల ఫోన్ రంధ్రంలో మోడెమ్ పెడితే, పైన చెప్పినవేవీ వర్తించవు. అక్కడ గరగర ఉండదు, అయినా మోడెమ్ కలవదు. గొంతు చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది, ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనా మోడెమ్ తడబడుతుంది. పైగా గొంతును కుదించే కోడెక్ ఉంటే మోడెమ్ శబ్దం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ లైనుకు గొంతును పెద్దగా కుదించని జీ.711 కోడెక్ పెట్టమని, ఎకో క్యాన్సిలేషన్, నిశ్శబ్దాన్ని కత్తిరించే సదుపాయం తీసేయమని సర్వీసు వాళ్లను అడగండి. ఫ్యాక్స్ అయితే టీ.38 (ఇంటర్నెట్ దారిలో ఫ్యాక్స్ పంపే పద్ధతి) ఉందా అని అడిగి, ఫ్యాక్స్ మెషిన్‌లో వేగం 9,600కు తగ్గించండి. మోడెమ్‌ను "ఏటీ+ఎంఎస్=వీ22బీ"తో 2,400కు దించండి. అలారం ప్యానెల్‌కు, స్వైప్ మెషిన్‌కు పంపాల్సింది కొద్ది అక్షరాలే కాబట్టి ఆ వేగం సరిపోతుంది. అప్పటికీ కలవకపోతే ఆ పరికరాన్ని సిమ్ కార్డుతో నడిచే రకానికి మార్చుకోండి.